బాపు నడుము

సీసాను బాగా గిలకరించి పోయాలని దవాఖానలో కంపౌండరు చెప్పాడట. పెంటవ్వ గిలకరిస్తూనే ఉంది. పైన తేలిన నూనె, అడుగున పేరుకున్న తెలుపు ఎప్పుడో కలిసిపోయి సీసా నిండా చిక్కటి మజ్జిగలా అయింది. అయినా బిరడా తీయడానికి చేయి రావడం లేదు. ఎదురుగా వసారాలో, నల్ల గొంగడి మీద, ఆమె తండ్రి భూమన్న బోర్లా పడుకొని ఉన్నాడు. ఒంటి మీద అంగీ లేదు. ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. బుద్ధెరిగిన తరువాత బాపు వీపును ఆమె ఇంత దగ్గరగా చూడలేదు. చూసిందంతా దూరం నుంచే. నాగలి వెనక నడిచే వీపు, బండి మీద కూర్చున్న వీపు, ఆదివారం తెల్లవారకముందే ఇంట్లోంచి బయటపడి మసక చీకట్లో కలిసిపోయే వీపు. బాపు ముఖం కంటే ఆ వీపే తనకు ఎక్కువ తెలుసుననుకునేది. ఇప్పుడు చూస్తే ఏమీ తెలియదు. ఎడమ భుజం కింద అరచేతంత పాత మచ్చ ఉంది. కాలిందో, ఎద్దు కొమ్ము గీరిందో, ఎవరిని అడగాలి? వెన్నుకు రెండు పక్కలా కండలు బండికి బిగించిన మోకుల్లా ఉబ్బి ఉన్నాయి. నడుము ఒక పక్కకు గుంజుకుపోయి, పడుకున్న మనిషి కూడా వంకరగానే ఉన్నాడు.

పొద్దున ఫ్యాక్టరీ కాంటా దగ్గర చెరకు కట్ట దింపుతుండగా పట్టేసిందట. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడట. చక్కెర ఫ్యాక్టరీ మొదలైన రెండో యేడు ఇది. గానుగ కాలం వచ్చిందంటే నందిపేట దిక్కు నుంచి కూడా బండ్లు కట్టుకొని బోధనుకు వస్తున్నారు, చెరకు తోలినన్నాళ్లు తోలి ఊళ్లకు తిరిగిపోతున్నారు. భూమన్న కూడా వచ్చాడు. అల్లుడు హన్మండ్లు ఆ ఫ్యాక్టరీలోనే బాయిలరు దగ్గర పని చేస్తాడు, కూతురి ఇల్లు గేటుకు పిలిస్తే పలికేంత దూరం. అయినా చలిలో బండి కిందే పడుకున్నాడు గాని ఈ గడప తొక్కలేదు. ఈరోజు కూడా తనంతట తాను రాలేదు. ఊరివాడు పోశన్న ఇంకొకరి సాయంతో బండిలో వేసి తెచ్చి, ఇక్కడ దింపి, సీసా ఆమె చేతిలో పెట్టాడు. "మాపటి భోంగా కొట్టంగనే వస్తనక్కా. కాకను ఊరికి తోల్కపోత. గప్పటిదాంక మంచిగ రుద్దు. ఊకె పూస్తే పనిచెయ్యదట, ఒళ్లు ఉడుకెక్కెదాంక రుద్దాల్నట" అని, ఎడ్లను అదిలించుకుంటూ పోయాడు. పాళీ మారే ఫ్యాక్టరీ కూత, ఆ భోంగా, మోగడానికి ఇంకెంతో లేదు. నీడ అప్పుడే ముంగిట్లో తులసికోట దాటింది.

పోశన్న అటు పోగానే అత్త వెంకటవ్వ అననే అంది. "మందెందుకన్నా? ఊరంత వచ్చి నీ బిడ్డ కాలు తాకించుకొని పోతరు. వర్ని నుంచి వస్తరు, ఎడపల్లి నుంచి వస్తరు. కన్నతండ్రివి, నీకేమొచ్చింది? పెంటవ్వా, పెట్టరాదే ఎడమకాలు." భూమన్న గోడ వైపే చూస్తూ, "మందిచ్చిండు గదమ్మా. గదే పుయ్యిమను" అన్నాడు. పుయ్యిమను. పుయ్యి అని కూడా కాదు. ఆ మాట పెంటవ్వతో అన్నది కాదు, వెంకటవ్వతో అన్నది, పెంటవ్వ రెండడుగుల దూరంలో కూర్చొని ఉండగా. ఆమె సీసా గిలకరించింది. గిలకరిస్తూనే ఉంది.

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు పట్టేసిన నడుమును కాలితో తాకితే పట్టు వదులుతుందని ఆ దిక్కున అందరికీ నమ్మకం. ఆదివారం పొద్దున, ముఖం కడుక్కోకముందు, ఎడమకాలితో తాకాలి. పెద్దవాళ్లయితే తాకిన వెంటనే వాళ్ల కాళ్లకు మొక్కాలి, లేకపోతే పాపం తగులుతుంది. పెంటవ్వకు నడక వచ్చినప్పటి నుంచి ఇదే పని. ఏ తల్లో కొడుకును పట్టుకొని వచ్చేది, ఏ ముసలివాడో కర్ర పట్టుకొని వంగి వంగి వచ్చేవాడు, ముంగిట్లో బోర్లా పడుకునేవాళ్లు. చిన్నపిల్ల పెంటవ్వ ఇంకా నిద్రమత్తులో ఉండేది. బాపును కన్న బాపమ్మ రెక్క పట్టి లేపి తెచ్చి నిలబెట్టేది. తాకు, మొక్కు. తాకు, మొక్కు. వాళ్లు పసుపు కొమ్మో బెల్లం ముక్కో పెట్టి పోయేవాళ్లు. పెళ్లయి ఇక్కడికి వచ్చాక అత్త ఆ పేరును ఇంకాస్త పెంచింది. మా కోడలు కాలు అని చెప్పుకొనేటప్పుడు మా బర్రె పాలు అని చెప్పుకున్నట్టే ఉంటుంది. ఎంతమంది నడుములో! ఆడవాళ్లవి, మగవాళ్లవి, కొత్తగా ఫ్యాక్టరీ కట్టడానికి ఎక్కడి నుంచో వచ్చిన మేస్త్రీలవి. అందరి నడుములూ ఆమె అరికాలికి తెలుసు. ఈ ఒక్క నడుమే తెలియదు. ఈ ఒక్క మనిషే ఏనాడూ కాలు పెట్టు బిడ్డా అనలేదు. ఒక్కసారి అంటే చాలు. ఇంకేమీ అక్కరలేదు. తల్లిని మింగి పుట్టిందన్న మాట ఎవరూ ఎదురుగా అనకపోయినా ఎప్పుడూ నెత్తి మీద ఉండనే ఉంది, బాపు నోటి నుంచి ఆ ఒక్క మాట వస్తే అది దిగిపోతుంది. ఇవాళ కాకపోతే ఇంకెప్పుడూ రాదు. మళ్లీ ఇట్లా ఈ గొంగడి మీద ఈ మనిషి ఎప్పుడు పడుకుంటాడు? భోంగా మోగితే పోశన్న వస్తాడు, బండి కదులుతుంది, అంతే.

బిరడా తీసింది. గుప్పున వాసన కొట్టింది. కర్పూరం, దాని వెనక ఫ్యాక్టరీ క్వార్టర్ల తలుపులకు రంగు వేసినప్పుడు వచ్చిన ఘాటు, దాని వెనక సబ్బు. అరచేతిలోకి కొంచెం ఒంపుకుంటే చల్లగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇన్నేళ్లు కాలితో తాకిందే గాని చేతితో ఎవరి నడుమూ పట్టలేదు. చేయి ఎవరికీ అవసరం పడలేదు. పిల్లలకు నూనె రాసింది గాని అది వేరు, మెత్తటి ఒళ్లు, చేయి దానంతట అదే పోతుంది. ఇది రాయిలాంటి ఒళ్లు. పైగా బాపు. నడుముకు పైన, కొంచెం దూరంగా, చేయి ఆనించింది. భూమన్న ఒళ్లు ఒక్కసారి జలదరించింది, ఎద్దు మీద ఈగ వాలితే చర్మం కదిలినట్టు. ఆమె చేయి తీసేసింది. మళ్లీ పెట్టింది. మందు చల్లదనానికేమో. చల్లదనానికే. రుద్దడం మొదలుపెట్టింది, కింది నుంచి పైకి, పై నుంచి కిందికి, ముగ్గు వేయడానికి ముందు నేల అలికినట్టు. కాసేపటికి చల్లదనం పోయి అరచేతి కింద గోరువెచ్చగా అయింది, తరువాత వేడి. అది మందు వేడో, చేతి వేడో, బాపు ఒంటి వేడో తెలియలేదు.

కర్పూరం వాసనకు గడి గుర్తొచ్చింది. ఊళ్లో దొర ఉండే కోటలాంటి గడిలో పొద్దున్నే దేవుడి గదిలో కర్పూరం వెలిగించేవాళ్లు. ఆ వాసన పెద్ద దర్వాజా దాకా వచ్చేది. దొర గుర్రం దిగుతూ నడుము పట్టేసి పడిపోయాడని, ఎదురుకాళ్ల పోరిని తీసుకురమ్మన్నాడని మనిషి వచ్చాడు. ఆ రోజు మాత్రం బాపు తప్పించుకోలేకపోయాడు. ఆడవాళ్లు గడికి పోరు, తండ్రే తీసుకుపోవాలి. దొర పట్టుపరుపు మీద బోర్లా పడుకొని ఉన్నాడు, తెల్లగా, లావుగా. చుట్టూ మనుషులు చేతులు కట్టుకొని నిలబడ్డారు. బాపు చెప్పులు బయట విడిచి, తువ్వాల చంకలో పెట్టుకొని గోడకు అంటుకుపోయాడు. ఆమె మెల్లగా తాకింది. "ఇంతేనానే? గట్టిగ తన్నవే పిల్లా" అన్నాడు దొర. చిన్నపిల్ల, గట్టిగా అంటే గట్టిగానే తన్నింది. దొర కెవ్వుమన్నాడు. ఎవరో ఆమె రెక్క పట్టుకోబోయారు. అంతలో దొర మెల్లగా లేచి కూర్చొని, నడుము అటూ ఇటూ తిప్పి చూసుకొని, పకపకా నవ్వాడు. "భూమిగా, నన్ను తన్నింది నీ బిడ్డ ఒక్కతేరా" అన్నాడు. బాపు నేల మీద సాగిలపడి ఉన్నాడు. లేవమన్నా ఎంతకీ లేవలేదు. వచ్చేటప్పుడు దారిలో పల్లేరు కాయలు, ఆమెకు చెప్పులు లేవు, భుజాల మీద ఎక్కించుకున్నాడు. బాపు ఎత్తుకున్నట్టు ఆమెకు గుర్తున్నది అదొక్కటే. ఎత్తుకోబోతూ ఆగి, చంకలోని తువ్వాల తీసి ఆమె రెండు పాదాలకూ చుట్టి, ఆ గుడ్డ మీది నుంచి పట్టుకున్నాడు. దొరను తన్నిన పాదాలు, ఎవరి కన్నూ పడకూడదని చుట్టాడేమో అనుకుంది. అప్పుడు గొప్పగా అనిపించింది. ఊరంతా చూస్తుండగా బాపు భుజాల మీద వచ్చింది, గుడ్డ చుట్టిన కాళ్లతో, పెళ్లికూతురులాగా.

"ఏడుస్తున్నవా ఏందే?" అంది వెంకటవ్వ, చేటలో బియ్యం చెరుగుతూ.

"లేదత్తా. మందు ఘాటు."

"మరి కండ్లు తుడుసుకోకు గా చేతితోని. మంట లేస్తది. సూడు గిది, చేతులు వాసన, ఇల్లు వాసన, రేపటిదాంక నీ చేతి కూడు ఎవడు తింటడు? ఒక్క తాకుడు తాకితె అయిపోయేదానికి ఇంత లావు పని. ఏమన్నా, నీకు సిగ్గా? బిడ్డ కాలు తాకితె నీ మీసం ఊడిపోతదా?"

"ఎడ్లకు నీళ్లు చూపెట్టిండో లేదో వాడు" అన్నాడు భూమన్న, గోడతో.

అప్పుడు కూడా ఇట్లాగే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆమెకు లంగా ఓణీల వయసు రాకముందు మాట. వడ్ల బస్తా ఎత్తబోయి పట్టేసింది. ఇంట్లో పడుకోలేదు, కొట్టంలో ఎడ్ల పక్కన గడ్డి మీద పడుకున్నాడు. బాపమ్మ వావిలాకు ఉడికించి కాపడం పెట్టింది, ఉప్పు మూట వేడి చేసి పెట్టింది, పెడుతూ నోరు పారేసుకుంది. ఇంట్ల మందు వెట్టుకొని అడివిల ఆకులు ఏరుకస్తున్న, నీకేం రోగంరా, గా పోరి ఏం జేసిందిరా అని. ఆయన పళ్లు బిగబట్టుకొని పడుకున్నాడు. ఆ రోజుల్లో పెంటవ్వ పొద్దున లేచి ముఖం కడుక్కోలేదు. ఆదివారం కాకపోయినా కడుక్కోలేదు. ఎప్పుడు పిలిచినా పనికి రావాలి కదా అని, కళ్లలో పుసులు అట్లాగే ఉంచుకొని, కొట్టం వాకిట్లో ఒంటికాలి మీద కొంగలా నిలబడేది, ఎడమకాలు నేలకు ఆనితే దాని గుణం ఎక్కడ పోతుందో అని. ఎండెక్కేదాకా నిలబడేది. బాపుకు ఆమె నీడ కనిపించే ఉంటుంది. కొట్టంలో వెలుతురు వచ్చేది ఆ వాకిలి నుంచే. ఆయన కళ్లు మూసుకునేవాడు. చివరికి పట్టు దానంతట అదే వదిలింది. కర్ర పట్టుకొని లేచి, ఆమె పక్క నుంచే, గోడకు రాసుకుంటూ, తగలకుండా, పొలానికి పోయాడు. ఆ రోజు ఆమె బావి దగ్గర కూర్చొని ముఖం కడుక్కుంది, ఎంతసేపు కడుక్కుందో.

"జర కిందికి" అన్నాడు భూమన్న.

ఆమె చేయి ఆగింది. ఎవరితో అన్నాడు? అత్త చేట తీసుకొని లోపలికి పోయింది. వసారాలో ఇంకెవరూ లేరు. చేయి కిందికి జరిపింది. "ఇంక జర. ఆఁ, గాడ. గాడనే" అన్నాడు. అక్కడ, వెన్ను పక్కన, చర్మం కింద చెరకు కణుపంత ముడి ఒకటి దొరికింది. బొటనవేలు పెట్టి నొక్కితే పక్కకు జారిపోతుంది, వదిలితే మళ్లీ వచ్చి నిలబడుతుంది. ఇదే, ఇంత మనిషిని వంచి పడేసింది ఇదే. ఇంకొంచెం మందు ఒంపి, రెండు బొటనవేళ్లతో ఆ ముడి చుట్టూ రుద్దసాగింది, పిండిలో ఉండ చిదిపినట్టు, మెల్లగా. కాలికి ఇదేమీ తెలియదు. కాలు తాకి వస్తుంది, అంతే. లోపల ఏముందో దానికి పట్టదు. ముడి అంచున కొంచెం మెత్తబడినట్టుంది. బాపు గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి ఆమె అరచేతుల కింద నుంచి పోయింది, నీళ్లు పారించినప్పుడు మడిలో మట్టి ఒదిగినట్టు వీపు కొంచెం ఒదిగింది.

బాపమ్మ చెప్పేది. నాట్ల కాలం, వాన, వాగు దాటి మంత్రసాని రావడానికి పొద్దెక్కింది. ఏందో తొందర పని ఉన్నట్టు కాళ్లు ముందుగాల వెట్టినవ్ అని, నవ్వుతూనే మొదలుపెట్టేది, నవ్వు మధ్యలో ఆగిపోయేది. ఇంట్లో ఇంకో ఆడమనిషి లేదు, పక్కింటివాళ్లంతా నాట్లకు పోయారు. కోడలు భుజాలు పట్టుకోవడానికి మనిషి లేక, మగవాడు లోపలికి రాకూడదని తెలిసి కూడా, కొడుకునే పిలిచింది. ఆయన తన భార్య లచ్చవ్వను వెనక నుంచి పట్టుకొని కూర్చున్నాడు, ఆమె వీపు తన గుండెకు ఆనించుకొని. నీ రెండు పాదాలు బయటికి వచ్చి, నువ్వు రాక, ఎంతసేపే, చిన్నచిన్న పాదాలు, నీలంగ, అని బాపమ్మ బొటనవేలు చూపించేది, ఇంతింత అని. లచ్చవ్వ పొద్దు గూకేదాకే ప్రాణంతో ఉంది. నువ్వు బతుకవనే అనుకున్నం, పెంట మీద పడుకోవెట్టి తెచ్చి పెంటవ్వ అని పేరు వెట్టిన, దిష్టి పోవాల్నని. బతికినవ్. ఆ కథ ఎన్నిసార్లు విన్నా ఆమెకు తన వైపు నుంచే కనిపించేది, తను వస్తున్నట్టు, కన్న అవ్వ పోతున్నట్టు. తల్లిని తన్ని వచ్చినట్టు. వెనక కూర్చొని పట్టుకున్న మనిషి ఉన్నాడని తెలుసు గాని ఆయన ఏం చూస్తున్నాడో ఆమె ఎప్పుడూ అటు కూర్చొని చూడలేదు.

తన పెద్దబిడ్డ పుట్టేటప్పుడు నెలలు నిండుతుంటే రోజూ పొట్ట తడుముకునేది. తల ఎటు ఉంది, కాళ్లు ఎటు ఉన్నాయి, ఎవరినడిగినా ఏదో ఒకటి చెప్పేవాళ్లు. నొప్పులు మొదలయ్యాక మంత్రసాని చేయి కడుక్కొని చూసి, తల తగుల్తుంది బిడ్డా అనగానే వలవలా ఏడ్చింది. నొప్పికి అనుకున్నారు. అప్పుడు బాపు వస్తాడేమో అనుకుంది. రాలేదు, పాలిచ్చే బర్రెను పంపాడు. ఊరి నుంచి నడిపించుకుంటూ ఎవరితోనో పంపాడు.

భోంగా మోగింది. ఫ్యాక్టరీ దిక్కు నుంచి లేచి బోధన్ మీదంతా పరుచుకొని, ఒక గుక్కలో, ఎడతెగకుండా. మొదటి పాళీ వాళ్లు బయటికి వస్తున్నారు, రోడ్డు మీద సైకిళ్ల చప్పుడు, బెల్లం కాగినట్టు తియ్యటి వాసన గాలి మీద వచ్చి కర్పూరం వాసనతో కలిసింది. అయిపోయింది. ముడి ఇంకా సగమే విడింది. అనలేదు, ఇక అనడు. ఇంకొకసారి నొక్కింది. కాసేపటికే వాకిట్లో ఎడ్ల గంటలు వినిపించాయి, పోశన్న తలగుడ్డ విప్పుతూ వచ్చాడు.

"ఏం కాకా, లేస్తవా? పొద్దుగూకక ముందే బాసర దారి దాటాలె. అరె అక్కా, ఏం రుద్దినవే, కాక వీపు ఇత్తడి చెంబు తీరు మెరుస్తుంది."

"లేపరా, పట్టు" అన్నాడు భూమన్న. పోశన్న చంకల కింద చేతులు వేసి ఎత్తబోయాడు. సగం లేచేసరికి భూమన్న నోట్లోంచి ఒక కేక వచ్చింది, మనిషి కేకలా లేదది. మళ్లీ గొంగడి మీద పడ్డాడు. నుదురు నేలకు ఆనించి రొప్పుతున్నాడు. లోపలి నుంచి వెంకటవ్వ పరుగెత్తుకొచ్చింది.

"చెప్పలేదా నేను? మందు మందు అని పొద్దంత పోగొట్టుకున్నవ్. గిప్పుడన్న తాకించుకో అన్నా, పట్టుదల ఇడువు. బండి ముంగట నిలవడ్డది."

"అవును కాకా, ఒక్క తాకుడే గద" అన్నాడు పోశన్న. "ఆమెకేమన్న ఖర్చా?"

పెంటవ్వ చేతులు ఇంకా బాపు నడుము మీదే ఉన్నాయి. ఎత్తేటప్పుడు తీసి, పడగానే తనకు తెలియకుండానే మళ్లీ పెట్టింది. భూమన్న ముఖం గొంగడిలో ఉంది. మాట గొంగడిలోంచే వచ్చింది.

"కాలు వెట్టు బిడ్డా."

అన్నాడు. అనేశాడు. ముప్పై ఏళ్లుగా ఎదురుచూసిన మాట, ఆమెతోనే, బిడ్డా అని. లేచి నిలబడాలి. ఎడమకాలు. అత్త అప్పుడే పక్కకు జరిగి జాగా ఇచ్చింది, పోశన్న ఎందుకో దండం పెట్టినట్టు చేతులు కలిపాడు. లేవాలనుకుంది. కాని ఆ మాట బాపు నోటి నుంచి వచ్చినప్పుడే ఆమె అరచేతుల కింద ఇంకొకటి జరిగింది. ఇంతసేపు కూర్చొని, రుద్ది రుద్ది మెత్తబరిచిన కండలన్నీ ఒక్కసారి బిగుసుకున్నాయి. ముడి దగ్గర మాత్రమే కాదు. భుజాల దాకా, మెడ దాకా, వీపంతా చెక్కలా అయిపోయింది. నోరు కాలు పెట్టమంటోంది. ఒళ్లు వద్దు వద్దు అంటోంది. పోశన్నకు కనిపించలేదు, అత్తకు కనిపించలేదు, చేతికి తెలిసింది. కోపం ఉన్న ఒళ్లు కాదిది. కోపమైతే ఇట్లా వణకదు. లోపల ఎక్కడో, సన్నగా, ఆగకుండా వణుకుతోంది, ఒకసారి కాలు దిగబడిన బురద దగ్గరికి మళ్లీ తోలితే నిలబడిపోయిన ఎద్దు వణికినట్టు. చిన్నచిన్న పాదాలు, నీలంగా. లచ్చవ్వ వీపు గుండెకు ఆనించుకొని ఆయన చూసినవి అవే. ఎంతసేపు చూశాడో. ఆదివారాలు చీకట్లో బయటపడిపోయింది, కొట్టంలో కళ్లు మూసుకుంది, పాదాలకు తువ్వాల చుట్టి పట్టుకుంది, అన్నీ వాటి నుంచే. తన నుంచి కాదు. తనను ఏమీ అనలేదు ఆయన, ఏనాడూ. తన పాదాలు పెరిగి పెద్దవయ్యాయి, పగుళ్లు కూడా వచ్చాయి, ఆయనకు మాత్రం అవి ఇంతింతే.

ఇప్పుడు తాకితే? పట్టు వదులుతుందేమో. అందరికీ వదిలింది. ఊరంతా చెప్పుకుంటుంది. తండ్రిని కూడా లేపి నిలబెట్టిందని అత్త రోజూ చెప్పుకుంటుంది. ఆయన లేచి, బండెక్కి, మళ్లీ ఏనాడూ ఈ వాడకు రాడు.

"వద్దు బాపు" అంది.

"ఓసి నీ పాడుగాను!" అంది వెంకటవ్వ. "ఇన్ని దినాలు మీ బాపు వద్దన్నడు, ఇప్పుడు నువ్వొద్దంటవా? మీ తండ్రీబిడ్డల లెక్క దేవునికే తెల్వాలె."

"ఇయ్యాల ఐతారం గాదు గదత్తా. మొకం సుత కడుక్కున్న. ఏం పని చెయ్యదు." ఆమె పోశన్న వైపు తిరిగింది. "నువ్వు పో తమ్మీ. ఎడ్లను తోల్కపో. బాపు ఈడనే ఉంటడు. లేచినంక ఆయన పంపిస్తడు." భర్త హన్మండ్లు పేరు పలకకుండా, ఆయన అని మాత్రమే అంది.

"మరి కాకా?" అన్నాడు పోశన్న.

భూమన్న ఏమంటాడో అని అందరూ చూశారు. ఆయన గొంగడిలో ముఖం కొంచెం కదిలించాడు. "నల్లెద్దుకు ఎడమ డెక్క నొస్తుంది. ఎక్కువ నడిపియ్యకు" అన్నాడు. అంతే. పోశన్న నెత్తి గోక్కొని, తలగుడ్డ చుట్టుకొని పోయాడు. గంటల చప్పుడు సందు మలుపు దాకా వినిపించి, రోడ్డు మీది బండ్ల చప్పుడులో కలిసిపోయింది. వెంకటవ్వ గొణుక్కుంటూ లోపలికి పోయింది. నీ కంపు చేతులతోని పొయ్యి కాడికి రాకు, నేనే ఇంత జొన్నరొట్టె తట్టుత, మీ బాపుకు కారం నడుస్తదా నడవదా, అదన్నా అడిగి చెప్పు అని లోపలి నుంచి కేకేసింది.

పెంటవ్వ సీసా ఎత్తి చూసింది. అడుగున కొంచెమే ఉంది. దాన్నంతా అరచేతిలోకి ఒంపుకొని, రెండు చేతులూ కలిపి రాపాడించి, వెచ్చగా అయ్యాక నడుము మీద పెట్టింది. మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఇందాకటి పని అంతా పోయింది. మెడ దగ్గర నుంచి, భుజాల మీద నుంచి, ఆ పాత మచ్చ మీద నుంచి, ఎక్కడా ఆగకుండా, తొందర లేకుండా. వణుకు వెంటనే పోలేదు. చేయి ఒకచోట ఉంటే ఇంకోచోటికి పోయేది. అక్కడికి చేయి పోతే మరోచోటికి. ఆమె కూడా దాని వెనకే పోయింది. ఇది ఏ పట్టో, ఏనాటి పట్టో, దీనికి సీసాలో మందు ఉందో లేదో ఆమెకు తెలియదు. రుద్దింది. రోడ్డు మీద సందడి తగ్గింది. వసారాలోకి మసక వచ్చింది. లోపల రొట్టె తట్టే చప్పుడు. ఎప్పుడు జరిగిందో తెలియదు గాని, ఒకసారి చూసుకునేసరికి చెరకు కణుపు లాంటి ఆ ముడి వేలి కింద వెతికినా దొరకలేదు. వంకర పోయిన నడుము గొంగడి మీద నిలువుగా ఉంది. బాపు ఊపిరి బరువుగా, నెమ్మదిగా వస్తూ పోతూ ఉంది. నిద్రపోయాడనుకుంది. మందు ఎప్పుడో ఇంకిపోయి అరచేయి పొడిబారి మామూలు చేయి అయిపోయింది. దీపం పెట్టాలి, పిల్లలను పిలవాలి. మెల్లగా, ఆయనకు తెలియకుండా, చేయి పైకి లేపబోయింది.

"తియ్యకు" అన్నాడు భూమన్న.

ఆమె తీయలేదు.